ఉతకని గుడ్డ

మూట తేలిగ్గా ఉంది.

దానమ్మ దాన్ని ఎడంచేత్తో ఎత్తింది. కుడిచేతికి మార్చింది. మళ్ళీ ఎడంచేతికి తెచ్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా సాలూరు సావుకార్ల వీధి బట్టలు మోస్తున్న చేతులవి. ముడి విప్పకుండానే లోపల పంచెలెన్నో చీరలెన్నో చెప్పేస్తాయి. పురిటి మూట సంగతైతే మరీ తేలిక. తల్లి గుడ్డలూ పసివాడి పొత్తిగుడ్డలూ తెల్లారేసరికి తడిసి ముద్దయి ఉంటాయి. ఎత్తగానే భుజం కిందికి లాగాలి. మొన్న లాగింది. నిన్న కాస్త లాగింది. ఇవాళ ఎండుటాకుల కట్టలా చేతికొచ్చేసింది.

పెరట్లోనే చతికిలబడి ముడి విప్పింది. పొత్తిగుడ్డలు తడిగానే ఉన్నాయి. వాడి పని వాడు చేస్తున్నాడు. తల్లివి తొమ్మిది. తొమ్మిదింటికీ పురిటి మైల అంటింది. కానీ అన్నీ పొడి. జ్వరంతో మంచం దిగలేని మనిషికి అన్నీ గుడ్డల్లోనే కదా. మరి ఎలా పొడిగా ఉంటాయి?

సావుకారు జగన్నాధానికి ఒక్కతే కూతురు, పార్వతి. తొలిచూలు పురుడు పుట్టింట్లో పోసుకుని ఇవాళ్టికి ఎనిమిదో రోజు. నాలుగో రోజున జ్వరం తగిలింది. పురిటి జ్వరమంటే వీధి వీధంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మర్నాడు డాక్టరు నరసింగరావు వచ్చి చూసి తెల్లటి మాత్రలిచ్చాడు. యుద్ధం పుణ్యమా అని విశాఖపట్నం దాకా వచ్చిన మాత్రలు. ఊళ్ళో వాటికి మిలిటరీ మాత్రలని పేరు. రెండు రోజుల్లో జ్వరం తోక ముడిచింది. నిన్న జగన్నాధం కొట్లో అందరికీ పటికబెల్లం పంచాడు.

"దానమ్మా..."

పురిటిగది కిటికీకి గోనెపట్టా కట్టారు. దాని మూల కొంచెం తొలగింది. అక్కడ రెండు వేళ్ళు కనిపించాయి.

"ఏటమ్మా?"

"నూతిలో నీళ్ళు. నీ సేత్తో ఒక్క గుక్క."

నిన్నా ఇదే మాట. నిన్న చెప్పిన జవాబే ఇవాళా చెప్పింది దానమ్మ. "తప్పమ్మా. పురుడెల్లేదాకా ఓర్సుకోవాల. ముగ్గుర్ని కన్నాను నాను. ఓర్సుకోలేదా?"

లోపల్నించి పొడి దగ్గు వినిపించింది. గోనెపట్టా సందులోంచి వేడి తగిలింది. రోహిణి కార్తె ఎండ బయట. లోపల మంచం కింద నిప్పుల కుంపటి, దాంట్లో వాము, వెల్లుల్లి పొట్టు. మూట ముడివేస్తూ వేస్తూ ఆగింది దానమ్మ.

"అమ్మడూ, ఒంటికెల్లి ఎన్నాళ్ళయినాది?"

"నిన్న సాయంత్రం కొద్దిగా. మంట. నడుం రెండు పక్కలా పోటే దానమ్మా, గునపం దిగినట్టు."

"ఎవర్తోనే ఆ మాటలు?"

పెరటి గుమ్మంలో లక్ష్మీనరసమ్మ నిలబడి ఉంది. తల్లి ఆవిడ. ఎనిమిది రోజులుగా సరిగ్గా నిద్రలేదు. అయినా నడుం వంగలేదు, కళ్ళలో గర్వం తగ్గలేదు. మృత్యువు నోట్లోంచి కూతుర్ని లాక్కొచ్చిన గర్వం.

"అమ్మగారూ, గుడ్డలు పొడిగున్నాయి."

"పొడిగుంటే నీకేటే నొప్పి? ఉతుకు తక్కువ" అని నవ్వింది లక్ష్మీనరసమ్మ. "జొరం దిగింది. మాత్ర తేనెలో అరగదీసి నాకిస్తన్నాను. పూటకి ఉద్దరిణెడు వేన్నీళ్ళు, అంతే. మాత్ర ఇంగిలీసుదైతే అవనీ. ఒళ్ళు మనది, పత్తెం మనదే."

దానమ్మ మూట ముడి బిగించింది. తన పురుళ్ళకీ అదే పథ్యం. తన తల్లికీ అదే. మూట నెత్తిన పెట్టుకుని ఏటికి నడిచింది. నెత్తి మీద ఏమీ లేనట్టే ఉంది. అదే బాగాలేదు.

వేగావతి ఆ నెలలో ఏరు కాదు, ఇసక బీడు. చాకళ్ళు ఎవరి చోట వాళ్ళు చెలమ తవ్వుకుని ఊరిన నీళ్ళు ముంతలతో తోడుకోవాలి. దానమ్మ మొగుడు అసిరయ్య అప్పటికే బాన కింద మంట పెట్టాడు. సబ్బుకి బదులు చౌడు మట్టి కలిపిన నీళ్ళలో తెల్ల పంచెలు ఉడుకుతున్నాయి.

దానమ్మ ఒక్కో గుడ్డా విప్పి ఇసక మీద పరిచింది. ఏడో గుడ్డ మీద చెయ్యి ఆగింది. ఎర్రమట్టి రంగు మరక, అరచేయంత. దాని మీద ఏదో గరుకుగా తగిలింది. బొటనవేలితో రాసింది. సన్నటి పలుకులు. ఎండకి తిప్పితే మెరిశాయి.

"ఇటు సూడు."

అసిరయ్య వంగి చూశాడు. "ఏటున్నాదిలే, ఏట్లో ఇసక."

"ఇంకా ఏట్లో ముంచలేదు. ఇంటికాణ్నించి ఇలాగే వొచ్చింది."

"అయితే సౌడు. కరక్కపోతే గుడ్డకిలాగే అంటుకుంటాది."

"పురిటి గుడ్డకి సౌడు ఎవులేస్తారు?"

"నీళ్ళు సాలకపోతే సౌడైనా, ఉప్పైనా అంతే మరి" అని అసిరయ్య బాన దగ్గరికి వెళ్ళిపోయాడు. అతనికి ఆ మాట అక్కడితో అయిపోయింది.

దానమ్మకి అవలేదు. ఆ గుడ్డని మరక లోపలికి వచ్చేలా మడిచింది. గట్టు మీది అడ్డాకులు రెండు తెచ్చి అందులో చుట్టి, నారతో కట్టింది.

అసిరయ్య తిరిగి చూసి అదిరిపడ్డాడు. "మైల గుడ్డ ఉతక్కండా దాస్తావేటే? మతిగాని పోయిందా? ఇంట్లో పిల్లలున్నారు."

"దాయడం నేదు. సూపించాల."

"ఎవులికి?"

"అదే తెల్దు."

పుట్టి బుద్ధెరిగాక చేతికొచ్చిన మైల గుడ్డ ఉతక్కుండా ఇంటికి తీసుకెళ్ళడం ఆమెకి అదే మొదలు. రాత్రి దాన్ని చూరులో దోపింది.

మర్నాడు పెరటి దడి దాటి అడుగు పెట్టేసరికి లక్ష్మీనరసమ్మ ఎదురొచ్చింది. మైల అని కూడా చూసుకోలేదు. దానమ్మ రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి ఈడ్చుకెళ్ళి గోనెపట్టా లాగేసింది.

"సూడు! నీ నిర్వాకం సూడు!"

మంచం మీద పార్వతి. నిన్నటిదాకా లోతుకుపోయిన కళ్ళు ఇవాళ రెప్పలు ఉబ్బి సగం మూసుకుపోయాయి. మొహం పాలిపోయి నున్నగా ఉంది. పక్కన మూకుట్లో పచ్చటి వాంతి. ఎక్కిళ్ళు. ప్రతి ఎక్కిలికీ పక్కలో పడుకున్న పసివాడు ఉలిక్కిపడుతున్నాడు.

"నీళ్ళు పోసేవు కదే నువ్వు? నిన్న ఈ కిటికీ కాడే గుసగుసలాడేవు. నీళ్ళ ఉబ్బు నాకు తెల్దనుకున్నావా?"

"పొయ్యలేదమ్మా. అడిగింది, పొయ్యలేదు. పైడితల్లి మీదొట్టు."

"మరి ఉబ్బు ఎక్కణ్నించి వొచ్చింది? గాల్లోంచా? ఈ గది కాడ నానూ నువ్వూ తప్ప మూడో మనిషి లేదు. నాను పొయ్యలేదు!"

పెరటి గుమ్మంలో జగన్నాధం భుజం మీద తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. పురిటిగది వైపు అడుగు వెయ్యలేడు. మగవాడు. భార్య మాటకి అడ్డం వెళ్ళలేడు. అలవాటు లేదు.

"సావుకారు బాబూ, డాట్టరు బాబుకి కబురెట్టండి" అంది దానమ్మ.

"ఎందుకే?" లక్ష్మీనరసమ్మే అందుకుంది. "జొరం దింపేడు, ఆయన పనయింది. ఇంకా ఆరు మాత్రలున్నాయి. అవి అయ్యాక సెప్తాను. నువ్వు మాత్రం రేపట్నించి ఈ పెరట్లో అడుగు పెట్టకు. ఊళ్ళో నువ్వొక్కర్తివే సాకలివా?"

దానమ్మ దడి పక్కన ఉన్న ఆనాటి మూట ఎత్తి, ముడి విప్పి చూసింది. అన్నీ పొడి, ఇసక కూడా లేదు. అంతే చాలు. దాన్ని అక్కడే వదిలేసి వీధి పట్టింది. ఇంటికి వెళ్ళి చూరులోంచి అడ్డాకు పొట్లం లాగి రొంటిన దోపుకుంది. కాళ్ళకి అప్పుడు తెలిసింది, ఎవరికి చూపించాలో.

డాక్టరు ఇంటికి తాళం. పార్వతీపురం బయల్దేరాడని పక్కింటివాళ్ళు చెప్పారు. సాయంత్రానికి గాని రాడు.

ఆ ఊరి బొగ్గు బస్సుకి ఒక సుగుణం ఉంది. యుద్ధంలో పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు కొలిమి తగిలించుకున్న బస్సు అది. కొలిమి రాజుకుని గాలి పుట్టేదాకా కదలదు. దానమ్మ రొప్పుతూ బస్సుల దగ్గరికి వచ్చేసరికి కండక్టరు ఇంకా వెనక చక్రం తిప్పుతూ చెమటలు కారుస్తున్నాడు. ముందు సీట్లో నరసింగరావు, ఒళ్ళో తోలు సంచి, చేతిలో విసనకర్ర. నలభై ఐదేళ్ళ మనిషి. మాట కరుకు, చెయ్యి మెత్తన.

"డాట్టరు బాబూ, దిగండి."

"ఏమిటి దానమ్మా? సాయంత్రం రా."

"సాయంత్రానికి ఆ పిల్లుండదు బాబూ. సావుకారు జగన్నాధం గారి పార్వతమ్మ."

"జ్వరం తగ్గిందని నిన్ననే కబురొచ్చిందే."

"తగ్గింది. గుడ్డలు కూడా పొడారిపోయాయి."

కొలిమి బుసకొట్టింది. ఇంజను ఒకసారి దగ్గి మొరాయించింది. రెండోసారికి అందుకుంది. కండక్టరు "రైట్" అని అరిచాడు. ఇంక మాటలతో పని జరగదని దానమ్మకి అర్థమైంది. మెట్టెక్కింది. రొంటినున్న పొట్లం తీసి, నార తెంపి, డాక్టరు ఒళ్ళోని తోలు సంచి మీద గుడ్డ పరిచేసింది.

"ఛీ! ఛీ! పురిటి మైల!"

బస్సు సగం ఖాళీ అయింది. విభూతి పెట్టుకున్న పెద్దాయన ఒకడు కిటికీలోంచి దిగాడు. డ్రైవరు తన గుమ్మంలోంచి దూకి, "ఒసే రాకాసీ, బస్సు కడిగిస్తావేటే ఇప్పుడు?" అని గోలపెట్టాడు. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ రాజెయ్యాలంటే అరగంట.

నరసింగరావు మాత్రం కదల్లేదు. మరక మీద పలుకుల్ని గోటితో తీసి వేళ్ళ మధ్య నలిపాడు. ఎండకి ఎత్తిపట్టి చూశాడు. విసనకర్ర కిందపడింది. తీసుకోలేదు.

"ఇది ఎప్పటిది?"

"నిన్నటిది బాబూ. ఇయ్యాల్టి గుడ్డల్లో ఇసక కూడా నేదు. ఏటీ నేదు. మొకం ఉబ్బింది. ఎక్కిళ్ళు."

"రోజుకి ఎన్ని చెంబుల నీళ్ళు తాగుతోంది?"

"పురిట్లో నీళ్ళేటి బాబూ?"

డాక్టరు కళ్ళు మూసుకుని తెరిచాడు. గుడ్డని తనే మడిచి సంచిలో పెట్టుకున్నాడు. దిగాడు. అతను నడుస్తుంటే దానమ్మ పరిగెత్తాల్సొచ్చింది.

"జ్వరాన్ని ఆ మాత్రలే చంపాయి. చంపి ఎక్కడికి పోతాయి? రక్తంలోంచి మూత్రపిండాల్లోకి వచ్చి, నీళ్ళలో కరిగి బయటికి పోవాలి. కరగడానికి నీళ్ళేవి? కుంపటి పెట్టి ఉన్న నీళ్ళు కూడా చెమటగా లాగేశారు. జగన్నాధానికి రెండుసార్లు చెప్పాను. మాత్ర వేసినప్పుడల్లా చెంబుడు నీళ్ళు, చిటికెడు తినే సోడా అని."

"బానలో సౌడు గడ్డకట్టినట్టు" అంది దానమ్మ, తనలో తను.

నడుస్తున్న డాక్టరు ఆగాడు. "ఏమన్నావు?"

"నీళ్ళు తక్కువయితే సౌడు కరగదు బాబూ. పలుకులు కట్టి నేతలోకి సొచ్చుకుపోతాది. ఇంక ఆ గుడ్డలోంచి నీళ్ళు దిగవు."

"అలాంటి గుడ్డ నీ చేతికొస్తే ఏం చేస్తావు? బండకేసి బాదుతావా?"

"బాదితే సిరుగుతాది. గోరెచ్చని నీళ్ళలో నానెడతాను. నీళ్ళు మారుస్తాను. మళ్ళీ నానెడతాను. దానంతటదే ఒదల్తాది."

"ఒక్కోసారి వదలదేమో?"

"ఆలస్యమయితే ఒదల్దు."

నరసింగరావు మళ్ళీ నడక అందుకున్నాడు. "నాకు తెలిసిన వైద్యం కూడా అంతే దానమ్మా. రా."

పురిటిగది గుమ్మం పక్కనే లక్ష్మీనరసమ్మ నిలబడింది. డాక్టరు లోపలికెళ్ళి చూసి వచ్చేదాకా ఊరుకుంది. మంచం కింద కుంపటి తీయించినప్పుడు కూడా పళ్ళు బిగించి ఊరుకుంది. నీళ్ళ మాట వచ్చేసరికి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మాత్రలు ఇప్పుడే ఆపెయ్యండి" అన్నాడు నరసింగరావు. "కాచి చల్లార్చిన నీళ్ళలో ఈ సోడా కలిపి గుక్కగుక్కగా పట్టాలి. దీపాల వేళకి మూత్రం కదలాలి. కదిలిందా, ఇక్కడే ఉంటాం. లేకపోతే పొద్దుటి రైలుకి బొబ్బిలి మీదుగా విశాఖపట్నం పెద్దాసుపత్రి. వాళ్ళ దగ్గర మూత్రం దారి తెరిచే గొట్టాలున్నాయి. కానీ అందాకా..." అని ఆగాడు. మిగతాది అక్కడున్న ముగ్గురూ విన్నట్టే తలలు దించుకున్నారు.

"నాను సెప్పేను డాక్టరు గారూ" అన్నాడు జగన్నాధం. తువ్వాలు నలిపి నలిపి తాడు చేశాడు. "నీళ్ళు పట్టమన్నారని సెప్పేను. ఇది ఇనలేదేమో..."

"ఇన్నాను" అంది లక్ష్మీనరసమ్మ. "ఇనే ఇవ్వలేదు."

ఆవిడ గుమ్మాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మా అక్క బొబ్బిల్లో పురిట్లో పోయింది. నాకు పదేళ్ళు. జొరమొచ్చింది. దాహం దాహం అంటే మా అమ్మ మనసు కరిగి, తలుపు మూసి ఇంత నీళ్ళు పోసింది. మూడో రోజుకి ఇలాగే ఉబ్బింది. ఇవే కళ్ళు. ఇవే ఎక్కిళ్ళు. బతికినన్నాళ్ళూ మా అమ్మ ఆ చెంబు కేసి సూసి ఏడిసేది. నా పిల్లకి నా సేత్తో ఆ నీళ్ళు పొయ్యమంటారా?"

నరసింగరావుకి కోపం రాలేదు. వస్తుందనే దానమ్మ అనుకుంది.

"అమ్మా, అప్పుడు మీ అక్కగారు ఒంటికి వెళ్ళేదా?"

"నాకెలా తెలుస్తాది?"

"మీ అమ్మగారికి?"

లక్ష్మీనరసమ్మ ఆలోచించింది.

"గుడ్డలు ఉతికినదానికి తెలిసుంటాదమ్మా" అంది దానమ్మ. "ఎవులూ అడిగుండరు."

"ఉబ్బు తాగిన నీళ్ళ వల్ల రాదు" అన్నాడు డాక్టరు. "అన్నంలో, చారులో దిగిన కాస్త నీరూ బయటికి పోయే దారి లేకపోతే వస్తుంది. దారి మూసుకుంది. తెరవాలి. జ్వరంతోనూ మూసుకోవచ్చు, నెత్తురు పోయీ మూసుకోవచ్చు, దాహంతోనూ మూసుకోవచ్చు. బొబ్బిల్లో ఏం జరిగిందో నాకు తెలీదు. ఇక్కడ జరిగింది మాత్రం ఇది." సంచిలోంచి గుడ్డ తీసి ఆవిడ ముందు విప్పాడు.

లక్ష్మీనరసమ్మ మరకని చూసింది. పలుకుల్ని చూసింది. తర్వాత గుమ్మానికి అడ్డం పెట్టిన చేతులు ఒకటొకటిగా కిందికి దించింది.

"నా సెయ్యి రాదే దానమ్మా" అంది. "పొద్దున్న పోసేవని తిట్టేను కదా. ఇప్పుడు నువ్వే పొయ్యి."

పురిటిగదిలో ఆ పది రోజులూ అంతా మైలే. అక్కడ చాకలి చెయ్యీ సావుకారమ్మ చెయ్యీ ఒకటే. దానమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికెళ్ళింది. పార్వతి తల వెనక చెయ్యి వేసి లేపింది. కాచిన నీళ్ళు నోట్లో పోసింది.

గుటక పడింది. ఆ చప్పుడు గదంతా వినపడింది.

మొదటి చెంబు లోపలికెళ్ళినంతా బయటికొచ్చేసింది. "ఉద్దరిణెతో పట్టు" అన్నాడు గుమ్మం అవతల్నించి డాక్టరు. ఒక్కో ఉద్దరిణె. మధ్యలో అంకెలు లెక్కపెట్టుకునేంత విరామం. రెండో చెంబు నిలబడింది. ఎండ పెరట్లో నూతిగట్టు దాటి గోడెక్కింది. పసివాడు ఏడిస్తే లక్ష్మీనరసమ్మ ఎత్తుకుని తిప్పుతోంది. కిటికీ దగ్గరికొచ్చినప్పుడల్లా లోపలికి చూస్తుంది, ఏమీ అడగదు. జగన్నాధం కొట్టు మూయించేశాడు. డాక్టరు వీధరుగు మీద కూర్చుని, సాలూరులో ఎవరికి జబ్బు చేసినా ఇక్కడికే రమ్మని కబురంపాడు. ముగ్గురొచ్చారు. అక్కడే చూసి పంపాడు.

గుడ్డ మార్చినప్పుడల్లా దానమ్మ చేతిలో ఎత్తి చూస్తోంది. మధ్యాహ్నం పొడి. గంట తర్వాత పొడి. ఆ తర్వాతదీ పొడి.

"దానమ్మా" అంది పార్వతి, ఉబ్బిన పెదాలతో. "నాను పోతే పిల్లాణ్ని..."

"నోర్ముయ్యమ్మా. తాగు. మా సెలమలో ఇలాగే, ఎంత తోడినా ముందు ఇసకే వస్తాది. ఊరడానికి టైం పడతాది. ఓపిక పట్టుకుని కూకోవాలంతే."

నాలుగు గంటలప్పుడు తీసిన గుడ్డ మీద రూపాయి బిళ్ళంత తడి. ఎర్రగా. వేలితో రాస్తే గరగర. లక్ష్మీనరసమ్మ కిటికీలోంచి చూసి, "రగతం!" అని గోడ పట్టుకుంది.

నరసింగరావు గుడ్డని వెలుగులోకి తీసుకెళ్ళి చూశాడు. ఎనిమిది గంటల తర్వాత మొదటిసారి తోలు సంచి కిందపెట్టాడు. "ఇసక కదిలిందమ్మా. రానివ్వండి. ఆపకు దానమ్మా, పట్టు!"

దీపాల వేళయింది. జగన్నాధం లాంతరు వెలిగించి పెరటి గుమ్మంలో పెట్టి, దాని పక్కనే నిలబడిపోయాడు. పురిటిగది తలుపు తెరుచుకుంది. దానమ్మ బయటికొచ్చింది. రెండు చేతుల్లో ఒక గుడ్డ. మొహంలో ఏముందో లాంతరు వెలుగులో తెలీడం లేదు.

"అమ్మగారూ, ఇటు రండి."

లక్ష్మీనరసమ్మ పసివాణ్ని గుండెకి అదిమి పట్టుకుంది. "సెప్పెయ్యి. అక్కణ్నించే సెప్పెయ్యి."

"సెప్తే తెల్దు. సెయ్యి పట్టండి."

ఆవిడ పసివాణ్ని జగన్నాధం చేతుల్లో పెట్టింది. పురుడెళ్ళకుండా తాత మనవణ్ని ఎత్తుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. అది ఎవరికీ తోచలేదు. లక్ష్మీనరసమ్మ రెండు అరచేతులూ చాచింది. పుట్టి ఏనాడూ మైల గుడ్డ ఇంకొకరి చేతిలోంచి అందుకోని చేతులవి. దానమ్మ అందులో గుడ్డ పెట్టింది.

చేతులు కిందికి దిగాయి.

వేళ్ళ సందుల్లోంచి ఒక చుక్క జారింది. ఇంకొకటి. లక్ష్మీనరసమ్మ అలాగే నిలబడింది. చింతపండు, పసుపు, కరక్కాయ, ఏదైనా అరచేత్తో తూకం చెప్పే ఇంటి ఆడది. చేతుల్ని కొంచెం పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తింది.

"సేరుంటాది" అంది.

"సేరుంపావు" అంది దానమ్మ.

"సేరే."

"గుడ్డ తూకం నాకు సెప్తారేటమ్మా? సేరుంపావు. పందెం."

అరుగు మీంచి డాక్టరు నవ్వు వినిపించింది. లక్ష్మీనరసమ్మ నవ్వలేదు. తడి గుడ్డని వదల్లేదు కూడా. బుగ్గల మీద కారుతున్న నీళ్ళు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. "పావుసేరు కోసం ఎందుకులే తగువు" అంది చివరికి. "నీ మాటే కానీ."

తెల్లారేసరికి నాలుగు గుడ్డలు తడిశాయి. పొద్దుటి రైలు పార్వతి లేకుండానే బొబ్బిలి వెళ్ళిపోయింది.

ఆ ఉదయం దానమ్మ పెరట్లో అడుగు పెట్టేసరికి కిటికీకి గోనెపట్టా లేదు. కొంచెం వాపు దిగిన మొహం ఒకటి బయటికి చూస్తోంది.

"దానమ్మా, మా అమ్మకి నువ్వైనా సెప్పవే. రాత్రంతా చెంబు పట్టుకుని నా పక్కనే కూకుంది. కన్ను మూస్తే లేపి నీళ్ళు పడతాది. కడుపు పగిలిపోతన్నాది."

"డాక్టరు సెప్పినంతే పడతన్నాను" లోపల్నించి లక్ష్మీనరసమ్మ గొంతు. "ఒక్క ఉద్దరిణె ఎక్కువ లేదు. తాగు."

తర్వాత ఆవిడ గుమ్మంలోకొచ్చింది. దానమ్మ వైపు సూటిగా చూడలేక దడి వైపు చూస్తూ మాట్లాడింది. "రేపట్నించి కొంచెం పెందలాడే రా. గుడ్డలెక్కువుంటాయి."

"ఊళ్ళో నానొక్కదాన్నేనా సాకలిని?"

"ఒక్కదానివే" అంది లక్ష్మీనరసమ్మ. "తూకం తెలిసిందానివి."

దానమ్మ వంగి మూట ఎత్తింది. ఎడంభుజం కిందికి లాగింది. కుడిచేయి కూడా ఆసరా ఇస్తే గాని నెత్తికెక్కలేదు. మెడ నిలదొక్కుకుని ఏటి దారి పట్టింది.

చెలమలో ఆ పూట నీళ్ళు బాగా ఊరాయి. మూట విప్పేముందు రొంటినున్న అడ్డాకు పొట్లం తీసింది. డాక్టరు రాత్రే తిరిగిచ్చాడు. అసిరయ్య బండ కడిగి, "ఇంకా ఎన్నాళ్ళు దాస్తావే? ఇలా తే, రెండు దెబ్బలేస్తాను" అన్నాడు.

"బాదకు" అంది దానమ్మ. ముంతతో నీళ్ళు తోడి, చిటికెడు చౌడు కలిపి, గుడ్డని అందులో మునిగేదాకా అదిమింది. "ముందు నాననీ."